ముళ్ళతీగ మీద మిడత

రెండు కౌంటీల మధ్య రోడ్డు ఉన్నచోట ఆ రోడ్డు నడిమి పసుపు గీతే సరిహద్దు. గీతకు ఇటు వాలిన పిట్ట ఒక లెక్క, అటు వాలిన పిట్ట వేరే లెక్క. ఈ సంగతి పిట్టలకు తెలియదు. ఇల్లినాయ్ రోడ్ల శాఖలో ఇంజినీరుగా పనిచేసి, అలాంటి గీతలు మైళ్ళకొద్దీ గీయించిన నాకు కూడా, వాటి కోసం ఒక ప్రాణం తీయవచ్చునని కిందటి వేసవి వరకూ తెలియదు.

మా అల్లుడు శ్రీవత్స సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఈ రాష్ట్రంలో నూట రెండు కౌంటీలు, మన జిల్లాల్లాంటివి, ఉన్నాయి. ఒక్కొక్క కౌంటీలో వంద రకాల పక్షుల్ని చూడాలన్నది కొన్నేళ్ళుగా అతని పట్టు. చూసినదాన్ని చూసినట్టు ఫోన్లో ఎక్కిస్తాడు. అందులో రాష్ట్రం పటం ఉంటుంది. వంద నిండిన కౌంటీ ఆకుపచ్చగా మారుతుంది, నిండనిది తెల్లగా ఉండిపోతుంది. ఇలాంటి పట్టు ఉన్నవాళ్ళు ఈ దేశంలో చాలామందే ఉన్నారు. చీకటితో లేచి, వందల మైళ్ళు పోయి, మురుగునీటి చెరువుల గట్ల మీద నిలబడి, సంతోషంగా తిరిగొస్తారు. వాళ్ళ మీద నాకే కోపమూ లేదు.

నా భార్య నళిని పోయాక నేపర్‌విల్‌లో మా ఇల్లు అమ్మేసి, అదే ఊళ్ళో కూతురు ఉజ్వల ఇంటికి చేరాను. మేడమీద గది ఇచ్చారు. ఆ గదిలో కిటికీ తెర కూడా తీయకుండా కూర్చునేవాణ్ణి. ఏప్రిల్‌లో ఒకనాడు శ్రీవత్స వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మామయ్యగారూ, నాకొక డ్రైవర్ కావాలి. పిట్టల్ని చూస్తూ డ్రైవ్ చేస్తే ఏదో రోజు గుద్దేస్తాను. మీకు ఈ రోడ్లన్నీ తెలుసు కదా, వస్తారా?"

డ్రైవరు కోసం కాదని నాకూ తెలుసు. నన్ను ఆ గదిలోంచి బయటకు లాగడానికే అడిగాడు. తన బైనాక్యులర్స్ నాకిచ్చి తను కొత్తవి కొనుక్కున్నాడు. ఆ మేలు మరవలేదు. మరిచిపోగలిగితే తర్వాత కోపం తెచ్చుకోవడం తేలికయ్యేది.

"దద్దోజనం ముందు తినండి. పులిహోర సాయంత్రానికి. తారుమారు చేయకండి నాన్నా," అని ఉజ్వల ప్రతి శనివారం డబ్బాలు చేతికిస్తూ చెప్పేది. మేం ప్రతి శనివారం తారుమారు చేసేవాళ్ళం.

"ఆపండి, ఆపండి! కుడివైపు, కంచె మీద!"

ఆపేవాణ్ణి. శ్రీవత్స కిటికీలోంచి నడుం దాకా బయటకు వంగి చూసి, నిట్టూర్చి, వెనక్కి జారగిలబడేవాడు.

"ప్లాస్టిక్ సంచి."

"ఈ కౌంటీలో కొత్తదేనా?"

"వేళాకోళమా మామయ్యగారూ!"

సరిహద్దు రోడ్ల మీద మరీ తమాషాగా ఉండేది. "కొంచెం వెనక్కి పోనివ్వండి. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు ఆ చెట్టు మన కౌంటీది," అనేవాడు. పిట్ట ఎగిరి రోడ్డు దాటి వాలితే చప్పట్లు కొట్టేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఒక చిన్న ఊళ్ళో హోటలు నడిపే ఆమెను టీ కోసం వేణ్ణీళ్ళు అడిగితే, కప్పును కూడా ముందే వేడినీళ్ళతో కడిగి తెచ్చింది. "మీ అబ్బాయా?" అంది. అల్లుడన్నాను. "అల్లుడితో ఇంత దూరమా! మా నాన్న మా ఆయనతో పోస్టాఫీసుకి కూడా పోడు," అంది. శ్రీవత్స ఆ మాట ఇంటికి వచ్చి ఉజ్వలకు రెండుసార్లు చెప్పాడు.

మే నెల వచ్చేసరికి పటమంతా పచ్చబడింది. రాష్ట్రం అడుగున ఒకే ఒక్క కౌంటీ తెల్లగా మిగిలింది. మా ఇంటికి ఐదు గంటల దూరం. దాని పడమటి సరిహద్దు ఒక తారురోడ్డు. ఆ రోడ్డు పక్కనే మాకు గ్లెన్ తగిలాడు.

గడ్డి కోసే బండి మీద వస్తూ మమ్మల్ని చూసి ఇంజను ఆపాడు. డెబ్భై దాటిన మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడట.

"దారి తప్పారా, పిట్టలవాళ్ళా?"

"పిట్టలవాళ్ళం," అన్నాను.

"దారి తప్పినవాళ్ళయితే మీకే మేలుండేది, త్వరగా ఇంటికి పోయేవారు. రండి, నా బందిపోట్లను చూపిస్తా."

రోడ్డుకు పడమటివైపు అతని కంచె, ఇనుప ముళ్ళతీగ. కంచె వెంట దట్టమైన సీడార్ చెట్లు. తీగ మీద ఒక పిట్ట కూర్చుని ఉంది. గోరింక కంటే కాస్త చిన్నది, బూడిద రంగు, కళ్ళకు నల్లటి గంత కట్టినట్టు అడ్డంగా ఒక చార. శ్రీవత్స ఊపిరి బిగబట్టాడు. "లాగర్‌హెడ్ ష్రైక్," అని నా చెవిలో అన్నాడు. "ఈ రాష్ట్రంలో ఇక చాలా తక్కువ మిగిలాయి."

ఆ పిట్ట గడ్డిలోకి దూకి మిడతను పట్టింది. ముళ్ళతీగ మీదికి వచ్చి, దాన్ని ఒక ముల్లుకు గుచ్చి, రెండుసార్లు లాగి చూసుకుంది. దానికి గద్ద కాళ్ళలాంటి కాళ్ళు లేవు, అందుకని ముల్లే చెయ్యి. తర్వాత మిడతను ఊడదీసుకుని సీడార్ కొమ్మల్లోకి పోయింది. అక్కడ గూటిలో ఆడది పొదుగుతోంది. మగది రాగానే అది పసిదానిలా రెక్కలు వణికించి నోరు తెరిచింది. మగది పెట్టింది. పెట్టాక వెంటనే ఎగిరిపోలేదు, అది మింగేదాకా ఉంది.

నళినికి చివరి నెలల్లో నేనే చెంచాతో పెట్టేవాణ్ణి. గంజి, పాలలో నానబెట్టిన ఇడ్లీ. నోరు తెరవాలని ఆమెకు గుర్తు రావడానికి కాస్త సేపు పట్టేది. చెంచా పట్టుకుని కాచుకునేవాణ్ణి. బైనాక్యులర్స్ దించి, అద్దాలు తుడుచుకున్నాను. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

గ్లెన్ నా వైపు చూసి, ఏమీ అడగకుండా, చేతిపంపు వైపు చూపించాడు. "నీళ్ళు చల్లగా ఉంటాయి. ఎంతసేపైనా చూడండి. ఒక్కటే మాట. మీ ఫోన్లలో దీని కూత వాయించకండి. నిరుడు ఎవరో వచ్చి గంటల తరబడి వాయించారు. ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని వీడు కొట్లాటకు తిరిగి తిరిగి సొమ్మసిల్లాడు. చివరికి రెండూ గూడు వదిలేసి పోయాయి. ఈ ఏడు మళ్ళీ వచ్చాయి. ఎందుకొచ్చాయో నాకు తెలీదు, కానీ వచ్చాయి."

"అస్సలు వాయించం సర్, ప్రామిస్," అని శ్రీవత్స గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గ్లెన్ చెయ్యి కలిపాడు. నేనూ కలిపాను.

కారెక్కాక శ్రీవత్స నాలుక చప్పరించాడు. "ఛ! అది వెస్ట్ సైడ్. మనకి కావాల్సింది ఈస్ట్ సైడ్."

"వెళ్ళి దానికి చెప్పి రమ్మంటారా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

జూన్‌లో రెండో శనివారం పార్టీ అని పద్మనాభం తేల్చేశాడు. పద్మనాభం రిటైరైన గుండె డాక్టరు, నా పాత స్నేహితుడు, ఏ ఇంట్లో వేడుకైనా మైకు అతనిదే. 'శ్రీవత్స నూట రెండు కౌంటీల విజయోత్సవం' అని వాట్సాప్‌లో పిలుపులు వెళ్ళిపోయాయి. కేకుకు ఆర్డరు ఇచ్చారు. అప్పటికి ఆ చివరి కౌంటీ నిండనే లేదు. మనవాళ్ళ పద్ధతే అంత. పునాది తీయకముందే గృహప్రవేశానికి ముహూర్తం పెడతాం.

పార్టీకి వారం ముందు మళ్ళీ దక్షిణానికి వెళ్ళాం. శనివారం తిరిగి, మోటల్లో పడుకుని, ఆదివారం పొద్దున్న మళ్ళీ తిరిగాం. తొంభైతొమ్మిది దగ్గర ఆగిపోయింది. చెరువులన్నీ చూశాం, అడవులు చూశాం. కొత్తది ఏదీ దొరకలేదు. శ్రీవత్స ఫోన్లో పటం తీసి చూసుకున్నాడు. ఆ తర్వాత, "గ్లెన్ ఇంటివైపు పోనివ్వండి," అన్నాడు.

గ్లెన్ పికప్ ట్రక్కు అక్కడ లేదు. చర్చికి పోయి ఉంటాడు. సీడార్ చెట్టులోంచి సన్నని కిచకిచలు వినిపిస్తున్నాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. మగది మిడతతో తీగ మీదికి వచ్చింది.

శ్రీవత్స దిగి, రోడ్డు దాటి, తూర్పు వైపు కాలువ గట్టు మీద అరచేతిలో పట్టేంత స్పీకరు పెట్టాడు. నేను కారులోంచే అన్నాను.

"బాబూ, ఆయనకు మాటిచ్చాం."

"రెండే నిమిషాలు మామయ్యగారూ. లైన్ దాటితే చాలు."

"వచ్చే వారం వస్తే ఏ బాతో కనిపిస్తుంది. వందే కదా కావాల్సింది, ఇదే కానక్కర్లేదు."

"వచ్చే వారం పార్టీ కదా! అందరికీ ఏం చెప్పమంటారు? ఒక్కటి తక్కువైంది, బిర్యానీ తిని వెళ్ళిపొమ్మనా?"

స్పీకరు కూసింది. గరుగ్గా, తలుపు కిర్రుమన్నట్టున్న కూత. తీగ మీది పిట్ట ఒక్కసారి బిగుసుకుంది. నోట్లో మిడత ఉంది. కొట్లాటకు పోతూ కూడా అది తిండిని పారెయ్యలేదు. ఒక ముల్లుకు గుచ్చి, లాగి చూసుకుని, అప్పుడు ఎగిరింది. రోడ్డు సగం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది.

శ్రీవత్స సౌండు పెంచాడు.

నేను కారు దిగాను. "చాలు, ఆపండి," అన్నాను. నా గొంతు స్పీకరు కంటే చిన్నగా ఉంది. పిట్ట రెండోసారి బయల్దేరింది. ఆ జాతి నేలబారుగా ఎగురుతుంది, మోకాలెత్తు కూడా ఉండదు. మిట్ట మీది నుంచి ఎరువుల ట్యాంకు లాగుతూ ఎవరిదో పికప్ ఒకటి దిగింది. పుస్తకం కింద పడినంత చప్పుడైంది, అంతే. బండి ఆగలేదు. నడిపేవాడికి తెలిసి కూడా ఉండదు.

పిట్ట తూర్పు వైపు కంకర మీద పడి ఉంది. స్పీకరు ఇంకా కూస్తూనే ఉంది.

"ఆపు దాన్ని," అన్నాను.

శ్రీవత్స ఆపాడు. ముఖం పాలిపోయింది. ఇప్పుడు ఏడుస్తాడు, నేను భుజం మీద చెయ్యి వేస్తాను అనుకున్నాను. అతను పెదాలు తడుపుకుని అడిగాడు:

"మామయ్యగారూ, లైన్ దాటాకే కదా తగిలింది?"

జేబురుమాలు తీసి పిట్టను అందులోకి ఎత్తాను. ఇంకా వెచ్చగా ఉంది. బరువన్నదే లేదు. రోడ్డు దాటి, సీడార్ చెట్టు మొదట్లో పెట్టి, రుమాలు మడత పైకి కప్పాను. తీగ మీద మిడత గుచ్చి ఉంది. కొమ్మల్లో కిచకిచలు ఆగలేదు. తిరిగి చూస్తే శ్రీవత్స కారుకు ఆనుకుని ఫోన్లో ఏదో నొక్కుతున్నాడు.

సగం దారి వచ్చేశాం.

"బతికుండగానే దాటింది," అన్నాడు చివరికి. "రూల్ ప్రకారం కౌంటబుల్."

"గ్లెన్‌కి ఏం చెబుతారు?"

"ఆయనకెలా తెలుస్తుంది? రోడ్డు మీద రోజూ ఎన్నో చస్తాయి. ఆ ట్రక్కు నేను నడిపానా?"

ఇంటి వీధిలోకి తిరిగాక మళ్ళీ అన్నాడు: "ఉజ్వలకి చెప్పకండి, ప్లీజ్." నేను పలకలేదు. ఒప్పుకున్నాననుకున్నాడు. మన ఇళ్ళల్లో మామగారు పలకకపోతే ఒప్పుకున్నట్టే.

ఆ వారమంతా అతను మామూలుగా ఉండడం చూసి నాకు మతి పోయింది. భోజనం దగ్గర పచ్చబడిన పటం చూపించాడు. ఫోన్లో ఎవరెవరో అభినందనలు. 'ఎంత గొప్ప పక్షితో ముగించారు!' అని ఒకాయన రాశాడట, చదివి వినిపించాడు. అల్లుడి తప్పు కూతురికి చెప్పకూడదన్న పాత మర్యాద ఒకటి నా గొంతు పట్టుకుని కూర్చుంది. అన్నం పళ్ళెం ముందు కూర్చుంటే, ఆ చెట్టులో ఇప్పుడు ఎవరికి ఎవరు పెడుతున్నారోననే ఆలోచన ఒక్కటే.

శనివారం వచ్చింది. పెరట్లో టెంటు, బిర్యానీ, పిల్లల కేకలు. పద్మనాభం మైకులో కౌంటీల పేర్లన్నీ ఒక్క గుక్కలో చదవబోయి దగ్గొచ్చి ఆగాడు. అందరూ నవ్వారు. తర్వాత కేకు తెచ్చారు. బల్లంత కేకు. దాని మీద ఫొటో ముద్రించి ఉంది. మేలో గ్లెన్ కంచె దగ్గర శ్రీవత్స తీసిన ఫొటో. ముళ్ళతీగ మీద నల్లగంత పిట్ట, నోట్లో మిడత.

ఉజ్వల వీడియో తీస్తోంది. శ్రీవత్స కత్తితో ఒక ముక్క కోశాడు.

"ఫస్ట్ పీస్ మా డ్రైవర్ సాబ్‌కి!"

చప్పట్లు. ముక్క నా నోటి దగ్గరికి వచ్చింది. దాని మీద పిట్ట తల, కన్ను. నేను నోరు తెరవలేదు.

"తినండి మామయ్యగారూ, ఎగ్‌లెస్సే." మళ్ళీ నవ్వులు.

అతని మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించాను.

"బాబూ, దాని పిల్లలకు ఇప్పుడు ఎవరు పెడుతున్నారు?"

శ్రీవత్స చెయ్యి అలాగే ఆగిపోయింది. ఉజ్వల ఫోను వెనకనుంచి అడిగింది, "ఎవరి పిల్లలకి నాన్నా?"

"ఈ పిట్ట పిల్లలకి. దీన్ని చంపి వచ్చాం కదమ్మా. కూత వాయించి రోడ్డు మీదికి పిలిచాం. వాయించమని మాటిచ్చి మరీ."

"యాక్సిడెంట్ అది," అన్నాడు శ్రీవత్స. "ట్రక్కు గుద్దింది."

"పిలిచింది ట్రక్కు కాదు."

"ఒరేయ్ హరనాథ్," అని పద్మనాభం మైకు పక్కన పెట్టి వచ్చాడు. "పిట్టే కదరా. శుభమా అని పిల్లలు సంతోషంగా ఉంటే..."

అతని భార్య గిరిజ పళ్ళెం చూపించింది. "ఇంతమంది కోడి బిర్యానీ తింటున్నాం అన్నయ్యగారూ. ఒక్క పిట్టకి ఇంత బాధేమిటండీ?"

ఆమె అడిగింది న్యాయమే. "ఆకలికి చంపితే నేను నోరెత్తేవాణ్ణి కాదమ్మా," అన్నాను. "ఇది పటంలో రంగు వేసుకోవడానికి చంపింది. వారం ఆగితే ఏ బాతుతోనైనా ఆ రంగు పడేది. పార్టీ ఉందని ఆగలేదు. ఈ పార్టీ. మనం తింటున్న ఈ పార్టీ."

ఉజ్వల వీడియో ఆపి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది. కేకు మీద రేకు కప్పబోతే పద్మనాభం మనవరాలు దియ వచ్చి, "ఆంటీ, బర్డ్ లేని పీస్ ఇస్తారా నాకు?" అంది. ఉజ్వల అంచున ఉన్న నీలాకాశం ముక్క కోసి ఇచ్చింది. మిగిలిన పిల్లలూ ఆకాశమే అడిగారు. మధ్యలో తల తెగిన పిట్ట, తీగ, అలాగే మిగిలిపోయాయి.

అందరూ వెళ్ళాక శ్రీవత్స నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఏప్రిల్‌లో నిలబడ్డచోటే.

"పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. అందరి ముందూ నన్ను..."

"మీ ఇంట్లో ఉంటున్నానని వారం రోజులు నోరు మూసుకున్నాను బాబూ. అదే ఎక్కువ."

"నా ఇల్లని ఎప్పుడైనా అన్నానా?"

"అనలేదు. అది నిజం. నేనన్నదీ నిజమే."

అతను తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను కారు తాళాలు తీసుకుంటుంటే ఉజ్వల చెప్పులు వేసుకుని వచ్చింది. దారిలో జరిగిందంతా అడిగి చెప్పించుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"అల్లుడి తప్పు కూతురికి చెప్పకూడదంటారు."

"అది ఏ కాలం రూలు నాన్నా! ఆయనకి ఆయన రూల్సు, నీకు నీ రూల్సు. మధ్యలో పిట్ట చచ్చింది."

ఆ దెబ్బ నాకు తగలాల్సిందే.

గ్లెన్ గేటు దగ్గరే ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా అన్నాడు: "చెట్టు కింద రుమాలు చూశాను. ఇస్త్రీ చేసిన రుమాలు. ఈ చుట్టుపక్కల అలాంటివి వాడేవాళ్ళు లేరు." టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "కూత వాయించారా?"

"వాయించాం."

తల పక్కకు తిప్పి ఉమ్మేశాడు. చాలాసేపు పొలం వైపు చూస్తూ నిలబడ్డాడు. "స్కూలు బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్కటే చెప్పేవాణ్ణి పిల్లలకు. రోడ్డుకు అవతలినుంచి ఎవరినీ పిలవొద్దని. పిలిస్తే చూసుకోకుండా పరిగెత్తుకొస్తారు." మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఆ రెండో ఆయన వచ్చాడా?"

"రాలేదు."

"మంచి పని చేశాడు." ఉజ్వలను చూశాడు. "ఈమె?"

"మా అమ్మాయి."

టోపీ కొంచెం ఎత్తి, గేటు తీశాడు.

గూటిలో రెండు పిల్లలు చచ్చిపోయాయట. మూడు మిగిలాయి. తల్లి ఒక్కతే వేటకు పోవాలి, ఒక్కతే కాపలా ఉండాలి. కంచె దగ్గరికి వెళ్ళేసరికి నాకొక విచిత్రం కనిపించింది. ముళ్ళతీగ పొడుగునా మిడతలు, కీచురాళ్ళు గుచ్చి ఉన్నాయి. కొన్ని సరిగ్గా, కొన్ని వంకరగా.

"ఆ రోజు వాడు గుచ్చి వదిలిన మిడత ఒకటి తీగ మీద ఉంది," అన్నాడు గ్లెన్. "సాయంత్రం ఆడది వచ్చి దాన్ని తీసుకుపోయింది. అప్పుడు తట్టింది నాకు. చేపల ఎరలు అమ్మే కొట్లో కీచురాళ్ళు దొరుకుతాయి. నా వేళ్ళు వణుకుతాయి, చొక్కా బొత్తాలే పెట్టుకోలేను. సగం పారిపోతున్నాయి." డబ్బా నా ముందుకు చాపాడు.

పుట్టి బుద్ధెరిగాక నేను మాంసం ముట్టలేదు. ఇంట్లో సాలీడు కనిపిస్తే కాగితం మీదికి ఎక్కించి బయట వదిలే మనిషిని. డబ్బాలో చెయ్యి పెట్టాను. కీచురాయి వేళ్ళ మధ్య తన్నుకుంది. మొదటిది ముల్లుకు గుచ్చలేక వదిలేశాను. రెండోదాన్ని గుచ్చాను. అది పగిలిన చప్పుడు వేళ్ళకు తెలిసింది. ఉజ్వల నా పక్కకు వచ్చి, ముఖం చిట్లించుకుని, డబ్బాలోంచి ఒకటి తీసింది.

వెనక్కి వచ్చి నిలబడ్డాం. ఆడపిట్ట వచ్చింది. ఈకలు చెదిరి, చిక్కి ఉంది. తీగ పొడుగునా చూసి, నేను గుచ్చినదాన్ని లాక్కుని చెట్టులోకి పోయింది. మాకు సంతోషం కలగలేదు. మళ్ళీ డబ్బా తెరిచాం.

ఆ నెలాఖరుకు రైల్వే స్టేషను దగ్గర ఒక గది అపార్ట్‌మెంటు తీసుకుని మారిపోయాను. ఉజ్వల వద్దనలేదు, సామాన్లు సర్దింది. శ్రీవత్స మంచం మోశాడు, మెట్ల మలుపు దగ్గర "మీ వైపు కొంచెం ఎత్తండి," అన్నాడు. పార్టీ రాత్రి తర్వాత మా మధ్య నడిచిన సంభాషణ అదే. ఆ పిట్టను లెక్కలోంచి తీసేశాడని, చివరి కౌంటీ మళ్ళీ తెల్లబడిందని ఉజ్వల చెప్పింది. చచ్చినదాన్ని లెక్కలోంచి తీసేస్తే ఏమొస్తుంది? నాకు కోపం తగ్గలేదు. రైళ్ళు పోయే చప్పుడులో దాన్ని కూర్చోబెట్టుకుని ఉండేవాణ్ణి.

జూలైలో గ్లెన్ ఫోను చేశాడు.

"రెండు ఎగిరాయి," అన్నాడు. "ఇప్పుడు తీగ మీద ఆకులు గుచ్చడం నేర్చుకుంటున్నాయి, వెధవలు."

"మూడోది?"

"లేదు."

కిటికీ కింద నుంచి ఒక రైలు పోయింది.

"మీ రెండో ఆయన వచ్చాడు," అన్నాడు. "రెండుసార్లు."

నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "ఎప్పుడు?"

"ఈ నెల్లోనే. మెడలో ఆ దుర్భిణీ లేదు. పెద్ద డబ్బా నిండా కీచురాళ్ళు తెచ్చాడు. సారీ అన్నాడు. చెప్పాల్సింది నాకు కాదన్నాను. రోడ్డుకు అవతల చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు."

"లోపలికి రానిచ్చారా?"

"లేదు. గేటు తీయలేదు," అన్నాడు గ్లెన్. "కీచురాళ్ళు తీసుకున్నాను."

ఐదు గంటలు పోను, ఐదు గంటలు రాను. ఆ సంగతి శ్రీవత్స ఉజ్వలకు కూడా చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం తలుపు చప్పుడైంది. ఉజ్వల ఇచ్చిన డబ్బాలతో శ్రీవత్స ఒక్కడే నిలబడి ఉన్నాడు. అతని బొటనవేలి మీద, చూపుడువేలి మీద సన్నని గాట్లు చాలా ఉన్నాయి. కొన్ని పాతవి, కొన్ని ఇంకా ఎర్రగా. ముళ్ళతీగ గాట్లు నాకు తెలుసు. గ్లెన్ లోపలికి రానివ్వలేదన్నాడు. మరి ఏ కంచె దగ్గర, ఏ తీగ మీద అభ్యాసం చేసి వచ్చాడో నేను అడగలేదు.

నాకు కోపం పోలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఉంది. పక్కకు జరిగి దారిచ్చాను.

అతను బల్ల మీద డబ్బాలు పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. "దద్దోజనం ముందు తినాలట మామయ్యగారూ."

"అలాగా," అన్నాను.

రెండు పళ్ళేలు తెచ్చాను. ఎదురెదురుగా కూర్చుని, ముందు పులిహోర తిన్నాం.